వంటయింటి బండ చెప్పెడి కడలి కథ

బెంగుళూరులో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో చరిత్ర యనగనే శాతవాహనులో, కృష్ణదేవరాయలో జ్ఞప్తికి వత్తురు. రాజులకంటెను, భాషకంటెను, తుదకు మనుష్యజాతికంటెను ప్రాచీనమైన తెలుగునేల చరిత్ర మన యిండ్లలోనే యున్నదని మేము మనవి చేయుచున్నాము. వంటయింటి గట్టుమీది నల్లని కడపరాయియే అందుకు సాక్షి.

లాల్‌బాగు బండను మన పిల్లలందరు ఎక్కియే యుందురు. కెంపేగౌడ గోపురమును మోయుచున్న ఆ శిల వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరములు. అది భూగర్భమున వేడిమికిని ఒత్తిడికిని లోనై రూపొందినది. అందు అలల జాడ దొరకదు. కడపరాయి యట్టిది కాదు. అది సున్నపురాయి. పురాతన సముద్రమున సున్నపు బురద పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడగా ఏర్పడినది. కనుకనే పలకలుగా చీలును.

కడప, కర్నూలు ప్రాంతముల శిలలను విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు పరిశీలించి 1872లో గ్రంథము ప్రకటించెను. శిలలను చదువుట కచేరీ దస్త్రమును చదువుటవంటిదే. తారుమారు కాని కట్టలో అడుగు కాగితము పాతది, మీదిది క్రొత్తది. రాతిపై సన్నని అలల మడతలున్నచో అచట లోతులేని నీరు కదలాడెనని యర్థము. బురద నెఱ్ఱెలు విచ్చిన గుర్తులున్నచో నీరు తీసి యెండ కాసెనని యర్థము. వేంపల్లె ప్రాంతపు రాళ్లలో ఉల్లిపొరలవంటి గుబ్బలు కలవు. వీనిని స్ట్రోమటోలైటులందురు. వెలుతురు సోకెడి నిస్సముద్రపుటంచున సూక్ష్మజీవులు పొరమీద పొరగా కట్టిన కట్టడములివి; వయస్సు 190 కోట్ల సంవత్సరములకు పైమాటే. నాటికి చేప లేదు, గుల్ల లేదు. ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరమున ఇట్టివి నేటికిని పెరుగుచున్నవి; వానిని చూచియే శాస్త్రజ్ఞులు వీని పుట్టుక నెఱిగిరి.

తిరుమల ఘాటురోడ్డు ప్రక్కనే ఈ దస్త్రములో ఒక చినిగిన పుట కలదు. క్రింద పాత గ్రానైటు, దానిపై నీటి యడుగున పేరుకొన్న ఇసుక గట్టిపడిన కడప శ్రేణి శిల. రెంటి నడుమ కోట్లకొలది సంవత్సరముల ఎడము. దీనిని జాతీయ భూగర్భ స్మారకముగా గుర్తించినారు.

నదుల కథ గోదావరిలోయలో కలదు. ఏటవాలు ఇసుకపొరలు ప్రవాహపు దిక్కును, నునుపైన గులకరాళ్లు అవి దొర్లిన దూరమును తెలుపును. నాటి ఆదిలాబాదు జిల్లా యామనపల్లి వద్ద అట్టి పొరలలో దొరికిన బల్లిజాతి మహాజంతువునకు పి. యాదగిరి 1988లో కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని నామకరణము చేసిరి. దాని అస్థిపంజరమును హైదరాబాదు బిర్లా సైన్సు సెంటరులో చూడవచ్చును. దిగువన దుద్దుకూరు వద్ద లావా క్రింది పొరలలో సముద్రపు గుల్లలున్నవి. రాజమండ్రి చెంతనున్న కాతేరు వద్ద లావాపొరల నడుమ, ఉప్పునీరును మంచినీరును కలియు చోట బ్రతుకు గుల్లలున్నవి. సముద్రమెంతవరకు వచ్చెనో ఆ గుల్లలే చెప్పుచున్నవి.

అయితే గనిలో పగిలి, మెరుగుపట్టిన రాయి మరల మాటాడదు. కావున సోదరులకు మా విన్నపమిది: సొంతయూరి గట్టున అలల గుర్తుగల పలక కనబడినచో ఛాయాచిత్రము తీసి, ఊరిపేరు వ్రాసి యుంచుడు. ఊరిపేరు లేని రాయి తేదీ లేని కాగితమువంటిది. ఈసారి తిరుమలయాత్రలో ఘాటురోడ్డు శిలలను పిల్లలకు చూపుడు. తాతముత్తాతల యూరు ఏ కడలి యడుగున నుండెనో తెలిసిన పిల్లవానికి ఆ యూరు పరాయిది కాజాలదు.