ప్రత్యేక ప్రాజెక్టు బృందం

కొద్దిమంది డెవలపర్లను ఒకే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు పూర్తిగా కేటాయించి, ఆ పని సాగినంతకాలం వేరే పనికి లాగకుండా ఉంచే పద్ధతి ఇది. డెవలపర్లు, టెస్టర్లు కలిసే ఉంటారు. స్క్రమ్ అనే సాఫ్ట్‌వేర్ పనివిధానంలో బృందం సాధారణంగా పదిమందికి మించదు. పని ఒత్తిడితో డెవలపర్లకు వచ్చే బర్నౌట్‌ను తగ్గించడానికి కంపెనీలు అనుసరించే మార్గాల్లో ఇదొకటి.

దీనికి ఎదురు పద్ధతి శాతాల అలొకేషన్. ఒకే మనిషి పేరు ఒక ప్రాజెక్టులో యాభై శాతం, ఇంకోదాంట్లో ముప్పై, మరోదాంట్లో ఇరవై అని షీటులో కనిపిస్తుంది. లెక్క నూరుకు సరిపోతుంది, రోజు మాత్రం సరిపోదు. పొద్దున మూడు బృందాలతో మూడు స్టాండప్ సమావేశాలు. మధ్యాహ్నం పేరోల్ కోడ్‌లో పన్ను లెక్క సరిచేస్తుండగా మరో క్లయింటు దగ్గర ప్రొడక్షన్ ఆగిందని ఫోన్ వస్తుంది. అది చక్కబెట్టి వచ్చేసరికి ఎక్కడ ఆపాడో తెలియక కోడ్ మళ్లీ పైనుంచి చదువుకోవాలి. అసలు పని రాత్రికి మిగులుతుంది.

ఒకేసారి రెండు ప్రాజెక్టులు చేస్తే సమయంలో 20 శాతం, మూడైతే 40 శాతం ఒకదాని నుంచి ఇంకోదానికి మారడంలోనే పోతుందని సాఫ్ట్‌వేర్ రచయిత జెరాల్డ్ వైన్‌బర్గ్ 1990ల మొదట్లో అంచనా కట్టారు. అది అనుభవంతో వేసిన లెక్కే, కొలిచి తేల్చింది కాదు. అయితే ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే ధ్యాస కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో ప్రయోగాలతో చూపారు. ఇలాంటి రోజులు పేరుకుంటే వచ్చే బర్నౌట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుగా కాక, పనిచోటుకు సంబంధించిన స్థితిగా నిర్వచించింది. దాని లక్షణాలు మూడు: నిస్సత్తువ, పని మీద విముఖత, చేయగలనన్న నమ్మకం సడలడం.

తెలుగు మాట్లాడే రాజు కులస్థులు తరాలుగా స్థిరపడిన తమిళనాడు పట్టణం రాజపాళయానికి సాఫ్ట్‌వేర్ రంగంతో సంబంధం ఉంది. పి.ఎ.సి. రామసామి రాజా 1930లలో అక్కడ నూలు మిల్లుతో మొదలుపెట్టిన రామ్‌కో సంస్థల్లోంచే, ఆయన మనవడు పి.ఆర్. వెంకట్రామ రాజా ఆధ్వర్యంలో చెన్నై కేంద్రంగా రామ్‌కో సిస్టమ్స్ ఎదిగింది. ఇది ఈఆర్‌పీ (సంస్థ పనులన్నిటినీ ఒకచోట నడిపే వ్యవస్థ), జీతాల చెల్లింపు, విమానాల నిర్వహణ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. నిలకడైన బృందం ఎందుకు కావాలో ఇలాంటి పనిలోనే బాగా తెలుస్తుంది. జీతాల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఒక్కో దేశపు పన్ను, సెలవుల నిబంధనలు తెలియాలి. విమాన నిర్వహణ వైపు ఏ విడిభాగం ఎన్ని గంటలు ఎగిరిందో, ఎప్పుడు మార్చాలో తెలియాలి. జీతాల వైపువాళ్లను విమానాల వైపు నాలుగు వారాలు పంపితే కోడ్ అర్థమవుతుందేమో, రంగం అర్థం కాదు.

బృందాన్ని కదపకుండా ఉంచితే చాలదు. నూలు మిల్లులో షిఫ్టు మారితే యంత్రాన్ని వచ్చినవాళ్లకు అప్పగించి ఇంటికి వెళ్లొచ్చు. డెవలపర్‌కు అప్పగించే మనిషి లేకపోతే ఒకే ప్రాజెక్టు కూడా నిద్ర పోగొడుతుంది. అందుకే ఆన్‌కాల్ బాధ్యతను, అంటే ఏ వేళ సమస్య వచ్చినా స్పందించే పనిని, వారానికొకరు పంచుకుంటారు. ఆ వారం వాళ్లకు కొత్త పని ఇవ్వకూడదు. ఒక్కరికే తెలిసిన మాడ్యూల్ ఉంటే ఈ వంతు నడవదు, ప్రతి మాడ్యూల్‌నూ కనీసం ఇద్దరు నేర్చుకోవాలి. గడువు దాటిన ప్రాజెక్టుకు పక్క బృందం నుంచి మనుషుల్ని అరువు తెచ్చినా ఫలితం ఉండదు. ఆలస్యమైన పనికి మనుషుల్ని చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. పైగా అరువిచ్చిన బృందంలో మిగిలినవాళ్ల మీద వెళ్లినవాళ్ల టికెట్లు (నమోదైన పనులు) కూడా పడతాయి.