కవిలెకట్ట మొదలు అంతర్జాలము వరకు: ప్రభుత్వ పత్రముల వ్యయవిచారము

పూర్వము గ్రామముల చరిత్రయు, భూముల లెక్కలును కరణముల కవిలెకట్టలలో నుండెడివి. పత్రము కావలసినవాడు కరణము నింటికి పోవలసినదే. కుటుంబసంపదగా చూచుకొనుటచేత కవిలె భద్రముగ నుండెను. ఆ కారణముచేతనే పలువురి కందరానిదయ్యెను. నేడు ప్రభుత్వములు పత్రములను అంతర్జాలమున నుంచుచున్నవి. ఇందుకగు వ్యయము తగునా యను ప్రశ్న క్రొత్తది కాదు.

కర్నల్ కాలిన్ మెకంజీ సేకరణము ఇందుకు మొదటి నిదర్శనము. కావలి వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య మున్నగువారు ఊరూర సేకరించిన కైఫియతులు అందు కలవు. 1821లో మెకంజీ మరణించిన పిదప ఈస్టిండియా కంపెనీ ఆ సేకరణమును 10,000 పౌనులకు కొనెను. 1828లో విల్సను పండితుడు దాని వివరణపట్టికను ప్రకటించెను. వ్యయ మంతటితో ముగియలేదు. కాగితములు శిథిలమగుచుండగా సి. పి. బ్రౌను నకళ్లు వ్రాయింపవలసి వచ్చెను. సంపాదించుట కొక వెల, కాపాడుట కొక వెల, చదువరి చేతి కందించుట కొక వెల. అంతర్జాలమునకును ఈ మూడును తప్పవు. ఛాయాప్రతులు తీసి, పట్టికలు కూర్పక విడిచినచో పత్రము పెట్టెలో నున్నట్లే.

రెండవ నిదర్శనము కర్ణాటకములోని ‘భూమి’ పథకము. 2001 ప్రాంతమున 177 తాలూకాలలో, దాదాపు 67 లక్షల భూస్వాములకు చెందిన సుమారు 2 కోట్ల పహాణీలు యంత్రమున కెక్కినవి. రైతు 15 రూపాయలు చెల్లించి నకలు పొందగలిగెను. కోలారు, పావగడ సీమల తెలుగు రైతులకును ఈ లాభము కలిగెను. పత్రము కన్నడమున నుండును గనుక, ఆ లిపి రాని పెద్దలకు మరియొకరు చదివి చెప్పవలసినదే.

వ్యయమును ఒక వైపుననే వ్రాయరాదు. వేయిమంది నకలుకొరకు ఒక్కొక్క దినము తాలూకా కచ్చేరికి తిరిగిన, వేయి దినముల కూలి పోవును. ఈ నష్టము ఏ ప్రభుత్వపు పద్దులోను కనబడదు. మరియొక వైపున, ఒకని భూమియు ఋణమును ఎల్లరకు తెలియుటయు నొక వెలయే. కావున ప్రజలు తరచుగ కోరు పత్రములను ముందుగ నుంచి, వ్యక్తుల గుట్టునకు సంబంధించిన వానిని వేరుపరచుట యుక్తము.

భాష మాట మరువరానిది. జిల్లా జనాభాలో 15 మొదలు 20 శాతము వరకు అల్పసంఖ్యాక భాషవారున్నచోట ముఖ్య ప్రకటనలను వారి భాషలోను వెలువరించుట మేలని 1956 నాటి కేంద్ర ప్రభుత్వ పత్రము సూచించెను. 2005 నాటి సమాచారహక్కు చట్టము 4వ సెక్షను, సమాచారమును వెల్లడించునపుడు వ్యయమును, స్థానిక భాషను కూడ గమనింపవలెనని చెప్పుచున్నది. తమిళలిపిలో క, గలకు ఒకే యక్షరము. త, దలకు నంతే. అందుచే మన యింటిపేర్లు ఆ లిపిలో నొకదానితో నొకటి కలిసిపోవును. పట్టికలో తెలుగు రూపమును చేర్చుటకు వ్యయము స్వల్పము. చేర్చనిచో తాతల దస్తావేజు ఉండియు దొరకదు.

ప్రభుత్వమును కోరుటతో మన పని ముగియదు. పాతపత్రములలోని గొలుసుకట్టు వ్రాతను చదువగలవారు నానాటికి తగ్గుచున్నారు. తెలుగు సంఘములు అట్టి పెద్దలయొద్ద మన బడిపిల్లలను కూర్చుండబెట్టి, ఆ వ్రాతను నేర్పింపవలెను. ఛాయాప్రతి నేడు కాకున్న రేపు తీయవచ్చును. చదువగల కడపటి మనిషి పోయిన తరువాత, ఎంత ధనము వెచ్చించినను ఆ పత్రము మూగదియే.