ఆటకు ముందు అడవి

నంద్యాల జిల్లా ఆత్మకూరు నుంచి దోర్నాల వెళ్ళే దారి కాసేపటికే నల్లమలలోకి ప్రవేశిస్తుంది. బైర్లూటి, ఆ చుట్టుపక్కల చెంచుగూడేలు, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలం చేరే పాత కాలిబాట, అన్నీ ఈ అడవిలోనివే. 1983లో టైగర్ ప్రాజెక్టు కిందికి వచ్చిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఆత్మకూరు డివిజన్ ముఖ్యమైన భాగం. ఈ ఊరికీ సర్కస్ చరిత్రకీ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. సర్కస్ చరిత్రను ఎప్పుడూ గుడారం లోపలి నుంచే చెబుతూ వచ్చారు: కంపెనీలు, యజమానులు, సాహసాలు, చప్పట్లు. సర్కస్‌లో ఆడే జంతువు బయలుదేరిన చోటు నుంచి, అంటే ఆత్మకూరు లాంటి అడవి అంచు ఊరి నుంచి చూస్తే అదే చరిత్ర ఇంకోలా కనిపిస్తుంది. అలా చూడాల్సిన అవసరం ఇప్పుడు ఎక్కువైంది. వైద్యవిద్య కోసం ఏటా ఎందరో తెలుగు పిల్లలు రష్యా వెళ్తున్నారు. కజాన్ లాంటి నగరాల్లో వాళ్ళకు పెద్ద పెద్ద సర్కస్ భవనాలు కనిపిస్తాయి. వాటిలో ఎలుగులు, పులులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. ఇక్కడ నేరమైనది అక్కడ కళగా ఎలా చెల్లుతోంది? దేశానికో న్యాయం కాబోలు అని సరిపెట్టుకోవడం తేలికే. నా అభిప్రాయంలో మాత్రం రెండు దేశాల్లోనూ ఎలుగుకు జరిగింది ఒకటే. ఆ లెక్క మనం సగం తేల్చాం, రష్యా ఇంకా తేల్చలేదు.

మన వైపు కథ వీధిలో మొదలవుతుంది. ఎలుగును ఆడించే కలందర్లు దక్షిణాది ఊళ్ళన్నీ తిరిగేవారు. డమరుకం వాయిస్తే ఎలుగు రెండు కాళ్ళ మీద లేచి గెంతేది, సలాం పెట్టేది. జడుసుకున్న పిల్లలను దాని వీపు మీద ఎక్కించేవారు, దాని వెంట్రుకలు పెట్టిన తాయెత్తు కట్టించుకునేవారు. జనం చూసింది అంతవరకే. దానికి ముందు జరిగింది అడవిలో. పిల్లను వదలని తల్లి ఎలుగును చంపితే గానీ పిల్ల చేతికి రాదు. తెచ్చిన పిల్లకు కాల్చిన ఇనుప కడ్డీతో మూతి పైభాగాన్ని పొడిచి రంధ్రం చేస్తారు. పుండు మానకముందే అందులోంచి తాడు దూరుస్తారు. కోరపళ్ళు విరగ్గొడతారు. ఇక ఆ తాడును ఎంత మెల్లగా లాగినా నొప్పి పుడుతుంది, ఆ నొప్పి తప్పించుకోవడానికి జంతువు పైకి లేస్తుంది. జనం నాట్యం అనుకున్నది ఈ లేవడాన్నే. ఎద్దుకు ముక్కుతాడు మనకు అలవాటే గదా అనే వాదన ఇక్కడ నిలవదు. ఎద్దు కొన్ని వేల ఏళ్ళుగా మనిషి కొట్టంలో పుట్టి, మనిషి వేసిన మేత తిని బతుకుతున్న జంతువు. ఎలుగు అలా కాదు, ప్రతి తరంలోనూ దాన్ని అడవి నుంచి కొత్తగా ఎత్తుకురావాల్సిందే.

రష్యాలో ఇదే వృత్తి ఇంకా పెద్దది. నీజ్నీ నోవ్‌గొరోద్ ప్రాంతంలోని సెర్గాచ్ చుట్టుపక్కల పల్లెలు ఎలుగులను ఆడించడానికి పెట్టింది పేరు. అక్కడి రైతులు ఎలుగులను వెంటబెట్టుకుని దేశమంతా తిరిగి పొట్టపోసుకునేవారు. నేటి బెలారుస్‌లోని స్మార్గోన్‌లో ఎలుగులకు ఆట నేర్పే కేంద్రమే నడిచింది. 1866 చివర్లో జారు ప్రభుత్వం ఎలుగులను వీధుల్లో తిప్పి ఆడించడాన్ని నిషేధించింది. ఆ పని మానుకోవడానికి ఐదేళ్ళ గడువు ఇచ్చింది. అంటే ఎలుగు ఆట తప్పని గుర్తించడంలో మనకంటే రష్యాయే ఒక శతాబ్దం ముందుంది. కానీ వీధిలో ఆగిన ఎలుగు సర్కస్ రింగులోకి చేరింది. 1919లో సోవియట్ ప్రభుత్వం సర్కస్‌లను జాతీయం చేశాక జంతువుల ఆటకు రాజ్యం అండ కూడా దొరికింది. పేదవాడి చేతిలో క్రూరత్వం అనిపించుకున్న పని, ప్రభుత్వ భవనంలో దీపాల కింద కళ అనిపించుకుంది. జంతువు వైపు నుంచి చూస్తే మారింది యజమాని ఒక్కడే. మన దేశంలోనూ ఇదే వరుస. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో కలందరు ఎలుగును పట్టుకోవడం చట్టవిరుద్ధమైంది. పెద్ద గుడారాల్లో ఎలుగులు మాత్రం ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా సైకిళ్ళు తొక్కుతూనే ఉన్నాయి.

అడవి జంతువు లేనిదే సర్కస్ ఎక్కడిది అనేది తరచుగా వినిపించే అభ్యంతరం. సర్కస్ పుట్టుకే దీనికి జవాబు చెబుతుంది. 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ మొదలుపెట్టింది గుర్రపు స్వారీ ప్రదర్శన. ప్రపంచమంతటా సర్కస్ రింగు అడ్డుకొలత సుమారు 13 మీటర్లు ఉండటానికి కారణం, గుర్రం గుండ్రంగా దౌడు తీయడానికి, దాని వీపు మీద మనిషి నిలబడటానికి ఆ కొలత కుదరడమే. పదుల చదరపు కిలోమీటర్ల అడవిని తనదిగా ఏలుకునే పులి కోసం ఆ రింగును ఎవరూ గీయలేదు. పులులు, సింహాలు తర్వాత వలస పాలనతో పెరిగిన జంతువుల వ్యాపారం వెంట వచ్చాయి. మన దేశంలో 1880లో విష్ణుపంత్ ఛత్రే మొదటి సర్కస్ నడిపినా, 1901లో తలశ్శేరి దగ్గర కీలేరి కుంఞికణ్ణన్ సర్కస్ బడి పెట్టినా, వాటికి ప్రాణం మనిషి శరీర సాధనే. మన తెలుగువాడు కోడి రామ్మూర్తి నాయుడు కంపెనీకి జనం విరగబడింది ఉక్కు గొలుసులు తెంచే ఆయన ఛాతీని చూడటానికి. ఆ ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్నాడు నిజమే, కానీ చప్పట్లు మోసినవాడికే పడ్డాయి.

మన దేశంలో ఆ గుడారం తలుపు మూయడానికి చాలా కాలం పట్టింది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పట్టుబట్టి కదిలించిన చర్చ ఫలితంగా 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. జంతువుల ప్రదర్శనను నియంత్రించే అధికారం కేంద్రానికి దక్కింది. ఆ అధికారాన్ని గట్టిగా వాడటానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. కొన్ని జంతువుల ఆటను నిషేధిస్తూ 1991లో వచ్చిన నోటిఫికేషన్‌ను సర్కస్ యజమానులు కోర్టుకు ఈడ్చారు. 1998లో ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహం అనే ఐదింటినీ పేరు పెట్టి మళ్ళీ నిషేధించారు. 2000లో కేరళ హైకోర్టు, 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించాయి. గుడారాల నుంచి విడిపించిన సింహాలకు, పులులకు మన దగ్గర విశాఖపట్నం, తిరుపతి జూల ఆవరణల్లో పునరావాస కేంద్రాలు పెట్టారు.

సర్కస్ పులి బోనులోనే పుట్టింది గదా, దానికి అడవి ఎక్కడ తెలుసు అని ఇక్కడ మరో వాదన వస్తుంది. ఇది బలమైన వాదనే. దీనికి ఆ పునరావాస కేంద్రాల్లోనే సమాధానం ఉంది. అక్కడికి చేరిన సింహాలు చాలావరకు ఆసియా, ఆఫ్రికా జాతులను విచక్షణ లేకుండా కలిపి పుట్టించినవి. వాటిని అడవిలో వదలలేరు, జాతి వృద్ధికి వాడలేరు. సంతానం కలగకుండా జాగ్రత్తపడి, చచ్చేదాకా మేపడం తప్ప దారి లేదు. బోనులో పుట్టించడం అడవికి జరిగిన అన్యాయాన్ని తగ్గించలేదు, దాన్ని తర్వాతి తరానికి మోయించింది. తల్లి తోడు తప్పిన పులిపిల్లకు ఏమవుతుందో ఆత్మకూరు ప్రాంతం కళ్ళారా చూసింది. 2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు ఆడ పులిపిల్లలు దొరికాయి. అటవీ సిబ్బంది వాటిని తల్లి దగ్గరికి చేర్చాలని రాత్రుళ్ళు అడవిలో కాపుకాశారు, ఫలించలేదు. చివరికి వాటిని తిరుపతి జూకు తరలించక తప్పలేదు. ఇంత మంది అధికారులు, ఇంత సదుద్దేశం ఉండి కూడా తల్లికి దూరమైన పిల్లకు అడవిని వెంటనే తిరిగి ఇవ్వలేకపోయారంటే, డబ్బు కోసం తల్లి నుంచి విడదీసిన పిల్లలకు పోయింది ఎంతో ఊహించుకోవచ్చు.

రష్యన్ శిక్షకుల సంగతి వేరు అని కొందరంటారు. 1912లో మాస్కోలో తన జంతుశాల తెరిచిన వ్లదీమిర్ దూరోవ్, కొరడాకు బదులు మేత పెట్టి, బుజ్జగించి నేర్పే పద్ధతిని ప్రచారం చేశాడు. ఆ మాటను కొట్టిపారేయలేం. దెబ్బ కంటే బుజ్జగింపు మేలే. అయినా అది నేర్పే తీరును బాగుచేసింది, బతికే తీరును మార్చలేదు. రింగులో పది నిమిషాలు గడిపిన జంతువు మిగతా రోజంతా బోనులోనో రైలు పెట్టెలోనో గడపాల్సిందే. 2021లో కజాన్ సర్కస్‌లో ఏళ్ళ తరబడి కలిసి ఆడిన రెండు ఆడ ఏనుగులు ప్రేక్షకుల ముందే ఒకదాన్నొకటి కుమ్ముకున్నాయి. ఎంత మచ్చికైనా అడవి స్వభావం చావదు, మచ్చిక కింద అణిగి ఉంటుంది. 2018లో రష్యా కూడా జంతువుల పట్ల బాధ్యత గురించి చట్టం చేసింది, కానీ సర్కస్‌ను మూయలేదు. కాబట్టి అక్కడ చదువుకునే మన విద్యార్థి టికెట్ కొనేముందు ఆ జంతువు ఎక్కడ పుట్టింది, ఆట లేనప్పుడు ఎక్కడ ఉంటుంది, ముసలిదయ్యాక ఎక్కడికి పోతుంది అని అడగాలి. ఆ మూడింటికీ నిబ్బరంగా జవాబు చెప్పగల సర్కస్ ఉంటుందని నేను అనుకోను. ఆ దేశపు గారడీకి, ఊయల విన్యాసాలకు, విదూషకులకు చప్పట్లు కొట్టడానికి మాత్రం ఏ సంకోచమూ అక్కర్లేదు.

నిషేధం వల్లే మన సర్కస్ చచ్చిపోయింది అనేది చివరి ఫిర్యాదు. పులుల ఆకర్షణ పోవడం దెబ్బే, కాదనను. అయితే అప్పటికే సినిమా, ఆ తర్వాత టీవీ ఊరి వినోదాన్ని ఇంట్లోకి తెచ్చేశాయి. 2011లో సుప్రీంకోర్టు సర్కస్‌లో చిన్నపిల్లలను పనిలో పెట్టడాన్ని నిషేధించింది, అది ఇంకా న్యాయమైన దెబ్బ. 1951లో మొదలై, 1964లో సోవియట్ యూనియన్‌కు బృందాన్ని పంపిన జెమిని సర్కస్ లాంటి సంస్థలకు కావలసింది మనుషుల విద్యకు ఆదరణ. సోవియట్ రాజ్యం 1927లోనే సర్కస్ కళాకారులకు మాస్కోలో బడి పెట్టింది. మనం రష్యా నుంచి నేర్చుకోవాల్సింది అది.

మనం తేల్చకుండా వదిలిన సగం లెక్క కలందర్లది. అడవిని కాపాడిన చట్టం వాళ్ళ పొయ్యి గురించి ఆలోచించలేదు. ఆ పని పెద్ద ఎత్తున తలకెత్తుకున్నది వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ అనే స్వచ్ఛంద సంస్థ. ఎలుగును అప్పగించిన కుటుంబానికి బతుకుదెరువు, పిల్లలకు చదువు చూపించి ఆరు వందలకు పైగా ఎలుగులను విడిపించింది. 2009 చివరికి వీధి ఎలుగుల ఆట దాదాపు ముగిసింది. ముప్పై ఏళ్ళకు పైగా చట్టం ఒంటరిగా సాధించలేనిది, పనివాడికి ఇంకో పని చూపించాక కొన్నేళ్ళలో జరిగింది. గంగిరెద్దులవారికైనా, పాములవారికైనా, రేపు అడవి నియమాల వల్ల దారి మూసుకుపోయే చెంచులకైనా ఇదే పాఠం వర్తించాలి. ఒక వృత్తిని చట్టం మూసేటప్పుడు బదులు బతుకు చూపే బాధ్యత కూడా అదే చట్టంలో రాసి ఉండాలి. అడవి జంతువును ఆట నుంచి తప్పించడం మన దేశం చేసిన మంచి పనుల్లో ఒకటి. దాని ఖర్చును ఊళ్ళో అందరికంటే పేదవాడి చేత కట్టించడం మాత్రం దిద్దుకోవాల్సిన తప్పు.