కొండను తైలవర్ణంలో దించే విద్య: పల్నాటి దారి, గోదావరి దారి

తెలుగు నేల మీద ప్రకృతి దృశ్యాలను పాశ్చాత్య పద్ధతిలో చిత్రించే విద్య మొదట సర్వే శాఖ వెంట, తర్వాత కళాశాలల వెంట వచ్చింది. మొదటి దారి పల్నాటి మీదుగానే సాగింది.

నేటి పల్నాడు జిల్లాలో ఉన్న అమరావతి బౌద్ధ స్తూపపు దిబ్బను సర్వే అధికారి కోలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివర చూశాడు. 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. ఆనాడు సర్వే సిబ్బందికి గీత గీయడం కూడా కొలతల పనిలో భాగమే. మద్రాసులో మైకేల్ టాపింగ్ 1794లో పెట్టించిన సర్వే పాఠశాల అలాంటివారిని తయారుచేసింది. మెకంజీ బృందం అమరావతి శిల్పాలనే కాక దక్షిణాదిలో కొండలనూ కోటలనూ కూడా పెన్సిలుతో, సిరాతో, నీటిరంగులతో కాగితానికెక్కించింది. ఆ బొమ్మలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

తైలవర్ణాలు వారికి పనికిరాలేదు. నూనె కలిపిన రంగు ఆరడానికి రోజులు పడుతుంది. డేరాలెత్తి ఊరూరా తిరిగేవారికి తడి కాన్వాసు మోయలేని బరువు. రేకు గొట్టాల్లో రంగులు వచ్చిందే 1841లో. అంతకుముందు నూరిన రంగును పంది మూత్రాశయపు సంచుల్లో దాచేవారు.

మెకంజీ బృందం తిరిగిన కాలంలోనే ఐరోపాలో కాల్పనికవాద చిత్రకారులు కొండను మరో దృష్టితో చూశారు. జర్మనీకి చెందిన కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ ఇసుకరాతి కొండల్లో తిరిగి పెన్సిలు చిత్తులు గీసుకునేవాడు. తర్వాత డ్రెస్డెన్‌లోని తన గదిలో వాటిని కలిపి తైలవర్ణ చిత్రంగా కూర్చేవాడు. పొగమంచుకు ఎగువన నిలబడి చూసే బాటసారిని ఆయన గీసిన చిత్రం 1818 ప్రాంతానిది. సర్వేయరుకు కొండ ఎత్తు ఎంతో కావాలి. ఫ్రీడ్రిష్‌కు దాని ముందు నిలబడ్డ మనిషి ఎంత చిన్నవాడో కావాలి. చేతికి శిక్షణ మాత్రం ఇద్దరికీ ఒకటే: ఎదురుగా కూర్చుని, చూసి గీయడం.

ఫ్రీడ్రిష్ తరహా తైలవర్ణ పద్ధతి నేర్చుకునే క్రమం కూడా ఇలా చూసి గీయడంతోనే మొదలవుతుంది. చిత్తు గీతలయ్యాక కాన్వాసుకు పలుచని గోధుమ రంగు పూస్తారు. దాని మీద వెలుగునీడలను మాత్రమే ముందు నిలబెడతారు. దూరపు కొండలు లేతగా, నీలంగా ఉండాలి. దగ్గరి బండలకు ముదురు రంగు, పదునైన అంచు కావాలి. పలుచని పూత కింద, నూనె ఎక్కువున్న పూత పైన రావాలి. ఇది తారుమారైతే ఏళ్లు గడిచాక రంగు పగులుతుంది. చివరి పారదర్శకమైన పూతలు పొగమంచుకూ సాయంకాలపు వెలుగుకూ ప్రాణం పోస్తాయి. కాల్పనికవాదపు అందమంతా ఈ ఓపికలోనే ఉంది.

ఈ నియమాలకు పల్నాడు మంచి పాఠశాల. మాచర్ల పక్కన చంద్రవంక దూకే ఎత్తిపోతల, నల్లమల అంచులు, బల్లపరుపు శిఖరాలున్న నాగార్జునకొండ లోయ, ఎండాకాలపు మసకలో ఒకదాని వెనుక ఒకటి పాలిపోయే వరుసలు అక్కడున్నాయి. అయితే నాగార్జునసాగర్ నీటితో ఆ లోయ మునిగి, కొండ దీవి అయింది. మునగకముందు దాన్ని గీసిన ప్రతి బొమ్మా చరిత్రకు ఆధారమే.

రెండో దారి గోదావరి ఒడ్డున తెరుచుకుంది. మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ 1850లోనే కళల పాఠశాల పెట్టినా, తెలుగు యువకులకు ప్రకృతిని చూడటం నేర్పిన ఘనత ఎక్కువగా రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రేది. 1909 నుంచి 1919 వరకు అక్కడ పనిచేసిన ఆయన స్వయంగా చిత్రకారుడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. మరో శిష్యుడు దామెర్ల రామారావు 1916లో బొంబాయి జె.జె. స్కూల్‌కు వెళ్లి పాశ్చాత్య శిక్షణ పొందాడు. తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల నెలకొల్పాడు. పురాణ ఘట్టాలతోపాటు గోదావరినీ దాని కొండలనూ చిత్రించాడు. 1925లో మశూచి సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూశాడు.

ఆ తర్వాత పాఠశాలను మిత్రుడు వరదా వెంకటరత్నం నడిపాడు. రామారావు చిత్రాలు నేటికీ రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో ఉన్నాయి.