పుర్రె కొలతలు: అవి చెప్పేదెంత, చెప్పలేనిదెంత?

మనిషి పుర్రెలో 22 ఎముకలు ఉంటాయి. వీటిలో 8 ఎముకలు మెదడును కాపాడే కపాలాన్ని ఏర్పరుస్తాయి. 14 ఎముకలు ముఖానికి రూపమిస్తాయి. ఏ ఇద్దరి పుర్రెలూ అచ్చంగా ఒకే తీరున ఉండవు. ఈ తేడాలను కొలిచే శాస్త్రం పసిబిడ్డ ఎదుగుదలను గమనించే వైద్యునికీ, గుర్తు తెలియని అస్థిపంజరం ఎవరిదో తేల్చవలసిన పోలీసులకూ అక్కరకు వస్తుంది. అయితే కొలత చెప్పలేనిదాన్ని దానిచేత చెప్పించబోతే ఒక తల్లి అకారణంగా భయపడవచ్చు. ఒక నిర్దోషి జైలు పాలు కావచ్చు.

పసిబిడ్డ తల

కనుబొమల పైనుంచి, తల వెనుక ఎత్తుగా ఉన్న భాగం మీదుగా టేపు చుట్టి తల చుట్టుకొలత తీస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం పుట్టినప్పుడు మగబిడ్డకు సగటున 34.5 సెంటీమీటర్లు, ఆడబిడ్డకు 33.9 సెంటీమీటర్లు ఉంటుంది. ఏడాది నిండేనాటికి అది 46.1, 44.9 సెంటీమీటర్లకు చేరుతుంది. సగటుకు ఒక సెంటీమీటరు అటూఇటూ ఉన్నంత మాత్రాన జబ్బు కాదు. తల్లిదండ్రుల తలల పరిమాణం పిల్లలకూ వస్తుంది. ఒకసారి తీసిన కొలతకంటె, విడతలవారీగా తీసిన కొలతల వరుస ముఖ్యం. తల ఉన్నట్టుండి వేగంగా పెరిగితే లోపల నీరు చేరుతున్నదేమోననీ, పెరుగుదల మందగిస్తే మెదడు సరిగా ఎదగడం లేదేమోననీ వైద్యులు పరీక్షిస్తారు.

నడినెత్తిన మెత్తగా తగిలే మాడు సాధారణంగా 12 నుంచి 18 నెలల మధ్య పూడుతుంది. నీళ్లు పోసేటప్పుడు తల గుండ్రంగా రావాలని మాడుమీద ఒత్తరాదు. వెల్లకిలా పడుకోవడం వలన తల వెనుక భాగం చదునైతే, బిడ్డ కూర్చోవడం, పాకడం మొదలుపెట్టాక చాలావరకు సర్దుకుంటుంది. అందుకోసం బోర్లా నిద్రపుచ్చరాదు. ఏడవకుండా ఉన్నప్పుడు కూడా మాడు ఉబ్బి ఉన్నా, విరేచనాలతో లోపలికి పోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

తేడా అంటే లోపం కాదు

నుదుటి ఎముక పుట్టుకతో రెండు ముక్కలుగా ఉండి, పసితనంలోనే అతుక్కుంటుంది. కొందరిలో ఆ అతుకు గీత జీవితాంతం మిగిలిపోతుంది. మరికొందరిలో అతుకుల మధ్య చిన్నచిన్న అదనపు ఎముకలు ఏర్పడతాయి. ఇవి సాధారణంగా హాని చేయవు. తలకు దెబ్బ తగిలినవారి ఎక్స్‌రేలో మాత్రం ఇటువంటి గీత పగులుగా పొరబడే వీలుంది. కనుక వైద్యునికీ, సాక్ష్యం చెప్పే నిపుణునికీ ఈ వైవిధ్యం తెలిసి ఉండాలి.

తల వెడల్పును పొడవుతో భాగించి 100తో హెచ్చిస్తే కపాల సూచిక వస్తుంది. పొడవు 18, వెడల్పు 14 సెంటీమీటర్లయితే సూచిక సుమారు 78. ఒకప్పుడు ఇటువంటి అంకెలతో కులాలకూ జాతులకూ హెచ్చుతగ్గులు నిర్ణయించబూనారు. నేటి కోస్తా, రాయలసీమలతోపాటు బళ్లారి, గంజాం కూడా ఇమిడిన నాటి మద్రాసు రాజధానిలో ఎడ్గార్ థర్‌స్టన్ అనేక కులాలవారి తలలు, ముక్కులు కొలిచి, 1909లో 7 సంపుటాల గ్రంథం వెలువరించాడు. తల ఆకారాన్ని బట్టి తెలివినిగాని, శీలాన్నిగాని నిర్ణయించవచ్చుననే భావన శాస్త్రం ముందు నిలవలేదు. మాట్లాడే భాషను పుర్రె ఎన్నటికీ చెప్పదు.

పుర్రె సాక్ష్యం

పురుషుల పుర్రెలో కనుబొమల వద్ద ఎముక గట్టు, చెవి వెనుక బుడిపె సాధారణంగా పెద్దవిగా, గడ్డం చదరంగా ఉంటాయి. ఈ తేడాలు యౌవనం వచ్చాకే స్పష్టమవుతాయి; అప్పుడు కూడా కటి ఎముక ఇచ్చే సాక్ష్యమే ఎక్కువ నమ్మదగినది. పిల్లల వయస్సును పళ్లను బట్టి దగ్గరగా చెప్పవచ్చు. పెద్దవారిలో పుర్రె అతుకులను బట్టి చెప్పే వయస్సు చాలా స్థూలమైన అంచనా మాత్రమే.

పుర్రె చిత్రాన్ని, తప్పిపోయిన వ్యక్తి ఫోటోను ఒకే కొలతకు తెచ్చి, ఒకదానిపై ఒకటి ఉంచి పోల్చే పద్ధతి సూపర్ ఇంపోజిషన్. 1935లో బ్రిటన్‌లో జరిగిన రక్స్‌టన్ హత్యల కేసుతో ఇది ప్రసిద్ధికెక్కింది. పోలిక కుదరకపోతే ఆ పుర్రె ఆ వ్యక్తిది కాదని తోసిపుచ్చవచ్చు. కుదిరినంత మాత్రాన అతనిదేనని తీర్మానించడానికి లేదు. అటువంటి ముఖం మరొకరికీ ఉండవచ్చు. తమిళనాడుకు చెందిన ఒక హత్య కేసులో 2022లో సుప్రీంకోర్టు, ఇతర నమ్మదగిన సాక్ష్యం లేనప్పుడు ఈ పరీక్ష ఒక్కటే తిరుగులేని రుజువు కాజాలదని చెప్పింది. పళ్ల వివరాలు, పాత ఎముక విరుగుళ్లు, డీఎన్ఏ పరీక్ష తోడైనప్పుడే గుర్తింపు బలపడుతుంది.

కుటుంబాలు గమనించవలసినది

సరిహద్దు గ్రామాలవారు కూలికీ, చదువుకూ పక్క రాష్ట్రానికి వెళ్లడం నిత్యకృత్యం. మనిషి తప్పిపోతే పళ్లు కనబడేటట్లు నవ్వుతున్న ఫోటో, పళ్ల ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు ఉంటే పోలీసులకు ఇవ్వాలి. డీఎన్ఏ పోలికకు కన్న తల్లిదండ్రులు, కన్నబిడ్డలు ఇచ్చే నమూనా ఎక్కువ ఉపకరిస్తుంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, అపహరణ, హత్య వంటి నేరం జరిగిందని ఫిర్యాదు చేసేటప్పుడు అది ఏ స్టేషన్ పరిధిలో జరిగిందన్నది అడ్డంకి కాదు. “మా పరిధి కాదు” అంటే ఆ సెక్షన్‌ను గుర్తుచేయవచ్చు.