ఫైటర్ జెట్స్: స్పీడులో వెనకున్న రఫేల్ ఎలా గెలిచింది? అసలు యుద్ధ విమానాన్ని ఎలా ఎంపిక చేస్తారు?

భారత వాయుసేన కొత్త యుద్ధ విమానాలు కొంటుందన్న వార్త వచ్చిన ప్రతిసారీ సోషల్ మీడియాలో ఒకటే చర్చ. ఏది స్పీడు? ఏది ఎక్కువ బాంబులు మోస్తుంది? రఫేల్ గొప్పదా, ఎఫ్-35 గొప్పదా? వాయుసేన లెక్క మాత్రం అలా ఉండదు. టాప్ స్పీడే కొలమానమైతే రఫేల్ మొదట్లోనే ఓడిపోవాలి. దాని గరిష్ఠ వేగం మాక్ 1.8. అదే పోటీలో నిలిచిన యూరోఫైటర్ టైఫూన్, ఎఫ్-16 రెండూ మాక్ 2 అందుకుంటాయి. అయినా గెలిచింది రఫేలే. ఎందుకు?

ఎందుకింత తొందర?

మన వాయుసేనకు మంజూరైన ఫైటర్ స్క్వాడ్రన్లు 42. ఒక్కో స్క్వాడ్రన్‌లో సుమారు 16 నుంచి 18 విమానాలు ఉంటాయి. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు పలికాక ఆ సంఖ్య 29కి పడిపోయింది. ఒకవైపు పాకిస్థాన్, ఇంకోవైపు చైనా. పాకిస్థాన్ ఇప్పటికే 2022లో చైనా తయారీ జె-10సీ విమానాలను తెచ్చుకుంది. పాత విమానాలు వెళ్లిపోతున్నంత వేగంగా కొత్తవి రావడం లేదు. అసలు సమస్య ఇదే.

ఆరు విమానాలు.. 643 అంశాలు

2007 ఆగస్టులో రక్షణ శాఖ 126 విమానాల కోసం టెండర్ పిలిచింది. 18 నేరుగా కొనాలి, మిగతా 108 హిందుస్థాన్ ఏరోనాటిక్స్, అంటే హెచ్ఏఎల్, ఇక్కడే తయారు చేయాలి. బరిలోకి ఆరు దిగాయి. అమెరికా నుంచి ఎఫ్-16, ఎఫ్/ఏ-18 సూపర్ హార్నెట్, రష్యా నుంచి మిగ్-35, స్వీడన్ నుంచి గ్రిపెన్, ఫ్రాన్స్ నుంచి రఫేల్. ఆరోది బ్రిటన్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్ కలిసి తయారు చేసే టైఫూన్.

వీటిని 643 సాంకేతిక అంశాల్లో పరీక్షించారు. బ్రోచర్‌లో రాసింది చూసి కాదు, ఎగిరించి చూశారు. తేమకు బెంగళూరు, ఎండకు జైసల్మేర్, చలికీ ఎత్తుకీ లేహ్.

వీటిలో లేహ్ పరీక్ష చాలా కీలకం. ఆ ఎయిర్‌ఫీల్డ్ పది వేల అడుగులకు పైనే ఉంటుంది. అక్కడ గాలి పలచన. ఇంజిన్‌కు అందే ఆక్సిజన్ తక్కువ, రెక్కలకు దొరికే లిఫ్ట్ తక్కువ. మైదానంలో ఫుల్ లోడుతో ఎగిరే విమానం అక్కడ సగం బరువు దించేయాల్సి రావచ్చు. గడ్డకట్టే చలిలో రాత్రంతా ఆపి ఉంచితే పొద్దున ఇంజిన్ స్టార్ట్ అవ్వడమే ఒక పరీక్ష. చైనా సరిహద్దులో యుద్ధం వస్తే విమానాలు లేవాల్సింది ఇలాంటి చోట నుంచే. తర్వాత భారత్ కొన్న రఫేల్స్‌లో ప్రత్యేకంగా అడిగి చేయించుకున్న మార్పుల్లో ఈ ‘కోల్డ్ స్టార్ట్’ కూడా ఒకటి.

2011 ఏప్రిల్‌లో నాలుగు అవుట్. మిగిలినవి రఫేల్, టైఫూన్ రెండే. ఎఫ్-16ను పాకిస్థాన్ 1980ల నుంచే నడుపుతోంది, పైగా డిజైన్ పాతది. గాల్లో గాలితో తలపడే పోరులో టైఫూన్‌కు మంచి పేరు. ఇంజిన్ బలం కూడా దానిదే ఎక్కువ: ఒక్కోటి 90 కిలోన్యూటన్లు, రఫేల్‌కు 75. కానీ అప్పటికి నేల మీది లక్ష్యాలపై దాడిలో టైఫూన్ ఇంకా పూర్తిగా సిద్ధం కాలేదు. రఫేల్ మొదటి నుంచీ అన్ని పనులకూ ఒకే విమానం అన్న ఆలోచనతో పుట్టింది. ఖాళీ బరువు దాదాపు 10 టన్నులు, బయట తగిలించుకోగలిగేది 9.5 టన్నులు. అంటే దాదాపు తనంత బరువు మోస్తుంది!

ధర అంటే విమానం ధరేనా?

2012 జనవరి 31న తక్కువ ధర కోట్ చేసింది రఫేలే అని తేలింది. ఇక్కడే చాలామంది పొరబడతారు. వాయుసేన చూసింది షోరూమ్ రేటు కాదు, జీవితకాలపు ఖర్చు. గంట ఎగిరితే ఎంత ఇంధనం, ఎన్ని విడిభాగాలు, ఇంజిన్ ఎన్ని గంటలకు విప్పాలి.. అన్నీ కలిపి లెక్క. కారు కొనేటప్పుడు మైలేజీ, సర్వీసింగ్ ఖర్చు అడుగుతాం కదా, అలాగే. కాకపోతే ఇక్కడ బండిని 30-40 ఏళ్లు నడపాలి.

గెలిచినా ఆ డీల్ కుదరలేదు. హెచ్ఏఎల్ తయారు చేసే 108 విమానాల నాణ్యతకు గ్యారంటీ ఎవరివ్వాలన్న దగ్గర దస్సో కంపెనీతో చర్చలు ఆగిపోయాయి. చివరకు 2015లో ఆ టెండర్ రద్దయింది. 2016 సెప్టెంబర్ 23న ఇరు ప్రభుత్వాల మధ్య నేరుగా 36 రఫేల్స్‌కు ఒప్పందం జరిగింది. విలువ సుమారు 7.87 బిలియన్ యూరోలు. అప్పట్లో మీడియాలో వచ్చిన లెక్కల ప్రకారం ఇందులో విమానాల వాటా 3.4 బిలియన్లే, అంటే సగం కంటే తక్కువ. మిగతాదంతా ఆయుధాలు, విడిభాగాలు, భారత్ కోరిన మార్పులు. కనీసం 75 శాతం విమానాలు ఎప్పుడూ ఎగరడానికి సిద్ధంగా ఉండాలన్న షరతుకూ డబ్బు కట్టాం. హ్యాంగర్‌లో నిలబడిపోయిన జెట్ ఎంత గొప్పదైతే ఏం లాభం?

టెండర్ నుంచి అంబాలాలో తొలి ఐదు విమానాలు దిగిన 2020 జులై 29 వరకు దాదాపు 13 ఏళ్లు. 126 కావాలనుకుంటే వచ్చినవి 36.

అమ్మేవాడిని కూడా చూడాలి

1998లో పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టింది. తేజస్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌పై అక్కడ పనిచేస్తున్న మన ఇంజినీర్లు వెనక్కి రావాల్సి వచ్చింది. ఫ్రాన్స్ మాత్రం ఆంక్షల జోలికి పోలేదు. ఆ మరుసటి ఏడాదే కార్గిల్‌లో ఫ్రెంచ్ మిరాజ్-2000లు లేజర్ గైడెడ్ బాంబులు వేశాయి. ఆ అనుభవాన్ని వాయుసేన మర్చిపోలేదు. ఇవి ఏ స్పెసిఫికేషన్ టేబుల్‌లోనూ కనిపించవు.

దేశం మారితే సమాధానమూ మారుతుంది. భారత్ పక్కన పెట్టిన గ్రిపెన్‌నే బ్రెజిల్ 2013 డిసెంబర్‌లో ఎంచుకుంది, అదీ రఫేల్, సూపర్ హార్నెట్‌లను కాదని. దానికి లేహ్ లాంటి సరిహద్దు లేదు. తక్కువ ఖర్చు, టెక్నాలజీ బదిలీ దానికి ముఖ్యం.

మరి ఎఫ్-35, సు-57?

2025 ఫిబ్రవరిలో బెంగళూరు ఏరో ఇండియాలో ఈ రెండు స్టెల్త్ విమానాలూ కనిపించాయి. ఎఫ్-35 ఆయుధాలను పొట్టలోనే దాచుకుంటుంది, రాడార్‌కు దొరకడం కష్టం. కానీ చిక్కు వేరే ఉంది. రష్యా ఎస్-400 క్షిపణి వ్యవస్థ కొన్నందుకు టర్కీని 2019లో అమెరికా ఎఫ్-35 ప్రాజెక్టు నుంచే తప్పించింది. అవే ఎస్-400లు భారత్ దగ్గరా ఉన్నాయి. ఇక సు-57 ఆధారంగా రష్యాతో కలిసి చేయాలనుకున్న ఉమ్మడి ప్రాజెక్టు నుంచి 2018లో భారతే బయటకు వచ్చేసింది.

సొంత తేజస్ ఉంది కదా అంటే, దాని ఇంజిన్ అమెరికా జీఈది. 2021లో ఆర్డర్ ఇచ్చిన 83 తేజస్ మార్క్-1ఏల కోసం తొలి ఇంజిన్ వచ్చింది 2025 మార్చిలో. ఆలస్యానికి పెద్ద కారణాల్లో అదొకటి.

హైదరాబాద్‌కు ఏంటి సంబంధం?

2018లో వాయుసేన మరో 114 విమానాల కోసం మళ్లీ ప్రక్రియ మొదలుపెట్టింది. 2025 ఏప్రిల్‌లో నేవీకి 26 రఫేల్-ఎంల ఒప్పందం కుదిరింది. ఐఎన్ఎస్ విక్రాంత్ లాంటి నౌకల నుంచి ఎగిరేవి ఇవి. వీటికి పోటీ ఇచ్చింది సూపర్ హార్నెట్. రెండింటినీ 2022లో గోవాలో పరీక్షించారు. అదే ఏడాది, అంటే 2025 జూన్‌లో రఫేల్ బాడీని హైదరాబాద్‌లో తయారు చేసేందుకు టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్‌తో దస్సో చేతులు కలిపింది. ఫ్రాన్స్ బయట రఫేల్ పూర్తి బాడీ తయారవడం ఇదే మొదటిసారి. 2028 ఆర్థిక సంవత్సరంలో మొదటిది బయటకు వస్తుందని, నెలకు రెండు వరకు ఇస్తామని కంపెనీలు చెప్పాయి. రఫేల్ ఎం-88 ఇంజిన్ల రిపేర్ కేంద్రానికీ నవంబర్‌లో అక్కడే శంకుస్థాపన జరిగింది. ఇన్నాళ్లూ గ్యారంటీ దగ్గర ఆగిన చర్చల్లో ఈసారి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బాడీ హైదరాబాద్‌ది సరే, మన సొంత క్షిపణిని ఆ విమానానికి బిగించాలంటే దాని సాఫ్ట్‌వేర్ తాళం ఎవరి చేతిలో ఉంటుంది?