మదనపల్లె పక్క లోయలో ప్రైజులు లేని ఆటపాటలు



ఈసారి ఉగాదికి పిల్లలకు ఎన్ని పోటీలు పెట్టాలి, ఎన్ని ప్రైజులు కొనాలి అని మన గ్రూపులో చర్చ నడుస్తోంది. నా మాట చెప్పే ముందు మన పక్కనే ఉన్న ఒక బడి చరిత్ర చెప్తాను. కొంచెం పొడుగే. రిటైరైన వాడికి తీరిక ఎక్కువ, మీరు కాఫీ పెట్టుకుని చదవండి.

మదనపల్లె అనగానే మారతహళ్ళిలో మనందరికీ టమోటా గుర్తొస్తుంది. నాకైతే మదనపల్లె రోడ్డు స్టేషన్ గుర్తొస్తుంది. పాకాల - ధర్మవరం లైను, ఒకప్పుడు మీటర్‌గేజీ. స్టేషన్ పేరు చివర 'రోడ్డు' అని ఉందంటే ఊరు అక్కడ లేదు, దూరంగా ఉందని అర్థం. ఇది రైల్వే వాళ్ళకే కాదు, ఆ లైన్లో దిగి బస్సు కోసం నిలబడిన ప్రతివాడికీ తెలుసు.

ఆ మదనపల్లెలో 1895లో ఒక తెలుగు ఇంట్లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టాడు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. 1909లో కుటుంబం మద్రాసు అడయారుకు మారింది. పిల్లవాడు మైలాపూరులో బడికి నడిచి వెళ్ళేవాడు. పాఠం ఎక్కేది కాదు, దాదాపు రోజూ బెత్తం దెబ్బలే. మొద్దు అని ముద్ర వేశారు. అదే పిల్లవాడు చెట్టును, మబ్బును, చీమల బారును గంటల తరబడి చూస్తూ కూర్చునేవాడని ఆయన జీవిత చరిత్రలు రాసినవాళ్ళు చెప్తారు. ఆ చూపుకు బడిలో మార్కులు లేవు.

ఇక్కడ మదనపల్లెదే ఇంకో సంగతి. అనీ బిసెంట్ 1915లో అక్కడ దివ్యజ్ఞాన కళాశాల పెట్టించింది. జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లో బుధవారం సాయంత్రాలు పిల్లలు, అధ్యాపకులు కూడి పాటలు పాడుకునేవారు. పరీక్ష లేదు, పోటీ లేదు. 1919 ఫిబ్రవరిలో అక్కడికి వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూరు అలాంటి ఒక సాయంత్రం తన జనగణమన పాడి వినిపించాడు. మార్గరెట్ కజిన్స్ ఆ వరసకు స్వరలిపి రాసింది. ఠాగూరు దాన్ని ఇంగ్లీషులోకి తర్జుమా చేసింది కూడా ఆ ఊళ్ళోనే. మన జాతీయగీతం చరిత్రలో మదనపల్లెకు చోటు దొరికింది క్లాసు రూములో కాదు, ఒక సాయంత్రం పాటల కూటమిలో.

ఇప్పుడు అసలు బడికి వస్తాను. 1926లో కృష్ణమూర్తి మదనపల్లెకు సుమారు పదహారు కిలోమీటర్ల దూరంలో ఒక లోయను, అందులో ఒక పెద్ద మర్రిచెట్టును చూసి, బడికి ఇదే తగిన చోటు అనుకున్నాడు. అదే రిషి వ్యాలీ. బెంగళూరు నుంచి 140 కిలోమీటర్లు. మద్రాసు గిండీలో నడుస్తున్న బడి 1930ల మొదట్లో ఇక్కడికి వచ్చింది. అప్పట్లో జి.వి. సుబ్బారావు గారు బడి నడిపారు. 1950లో ఎఫ్. గోర్డన్ పియర్స్ ప్రధానోపాధ్యాయుడుగా వచ్చాడు. అంతకు ముందు గ్వాలియరు కోటలోని సింధియా స్కూలును నడిపిన మనిషి.

ఆ రెండు బళ్ళలోనూ ఒక అలవాటుంది. దాని పేరు అస్తాచల్. సాయంత్రం పిల్లలంతా ఒక చోట మాట్లాడకుండా కూర్చుని సూర్యుడు అస్తమించడం చూస్తారు. అంతే. దానికి మార్కు లేదు, సర్టిఫికెట్టు లేదు. బడి బయట చెట్టును చూస్తూ నిలబడ్డ మైలాపూరు పిల్లవాణ్ణి ఒకసారి తలుచుకోండి. ఆనాడు తప్పు అనిపించుకున్న చూపు, ఆయన పెట్టించిన బడిలో దినచర్య అయింది.

రిషి వ్యాలీలో పొద్దున అందరూ కలిసి పాడతారు. సంగీతం, నాట్యం, వడ్రంగం, కుండల పని ఉన్నాయి. సాయంత్రం ఆటలు. పిల్లలు చెట్లు నాటారు. వానలు తక్కువైన ఆ నేల పచ్చబడింది. 1991లో లోయను పక్షుల సంరక్షణ ప్రాంతం చేశారు. అరుదైన పసుపు గొంతు పికిలి పిట్ట, అంటే బుల్‌బుల్ జాతిది, అక్కడ కనబడుతుంది. మ్యాచులు ఆడరని కాదు, పదో తరగతి ఐసీఎస్ఈ పరీక్ష రాయరని కాదు. రెండూ ఉన్నాయి. కానీ ఒక పిల్లవాణ్ణి ఇంకొకడితో పోల్చకూడదు, బహుమతి ఆశ చూపి, శిక్ష భయం పెట్టి నేర్పకూడదు అన్నది కృష్ణమూర్తి పట్టు.

"సార్, అది డబ్బున్నవాళ్ళ బడి. ఫీజు కట్టేదెవరు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి ఆ లోయలోంచే రెండు జవాబులు వచ్చాయి.

ఒకటి, అక్కడ పాఠాలు చెప్పిన డేవిడ్ హార్స్‌బరో అనే ఇంగ్లీషాయన 1972లో కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర నీల్‌బాగ్ అనే బడి పెట్టాడు. పేరుకు కర్ణాటక, ఇళ్ళల్లో మాట తెలుగు. చుట్టుపక్కల పల్లె పిల్లలకు ఫీజు లేదు. పరీక్షలు లేవు, బహుమతులు లేవు, శిక్షలు లేవు. చదువుతో పాటు వడ్రంగం, కుట్టుపని, తోటపని, పాట. 1984లో ఆయన పోయాక ఆ బడి ఎక్కువ కాలం నిలవలేదు. కానీ అక్కడ తర్ఫీదు పొందినవాళ్ళు వేరే చోట్ల బళ్ళు నడిపారు.

రెండోది, రిషి వ్యాలీ చుట్టూ పల్లెల్లో పెట్టిన చిన్న బళ్ళు. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ కార్డులతో, ఆటలతో, ఎవరి వేగంలో వారు నేర్చుకునే పద్ధతి తయారు చేశారు. దాన్ని చూసొచ్చిన కర్ణాటక సర్కారు బడి ఉపాధ్యాయులు 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో 'నలి కలి' మొదలుపెట్టారు. నలి అంటే ఆనందించు, కలి అంటే నేర్చుకో. తర్వాత చెన్నై కార్పొరేషన్ బళ్ళు కూడా ఆ దారి పట్టాయి. కాబట్టి ఇది కేవలం డబ్బు సంగతి కాదు.

నేను చదివింది తమిళ మీడియం. మా బడిలో టైమ్‌టేబుల్లో డ్రాయింగు ఉండేది, పీటీ ఉండేది. పదో తరగతిలో రెండూ లెక్కల వాత్తియార్ తీసేసుకున్నారు. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లలో చూస్తున్నాను. శనివారం అబాకస్, కీబోర్డు, కరాటే, ఒకదాని వెంట ఒకటి. తొమ్మిదో తరగతి రాగానే అన్నీ బందు. దీనికి 'ఎక్స్‌ట్రా' అని పేరు పెట్టడంలోనే ఉంది కిటుకు. రైల్లో ఎక్స్‌ట్రా పెట్టె ఎప్పుడు తగిలిస్తారు? రద్దీ ఉన్నప్పుడు. విప్పాల్సి వస్తే మొదట విప్పేది దాన్నే. రిషి వ్యాలీలో పాటనూ సూర్యాస్తమయాన్నీ ఎక్స్‌ట్రా పెట్టెగా తగిలించలేదు. బండిలోనే కట్టారు.

ఇప్పుడు నా మాట. మన ఉగాది పోటీల్లో ముగ్గురు కప్పు పట్టుకుని ఫొటో దిగుతారు. మిగిలిన ముప్పై మంది, వాళ్ళ అమ్మల వెంట ముఖం వేలాడేసుకుని పార్కింగుకు నడుస్తారు. వచ్చే ఏడాది ఆ ముప్పై మందిలో సగం మంది పేరు ఇవ్వరు. తెలుగు పద్యం నోటికి రావాలని పెట్టిన పోటీ, పద్యం అంటేనే భయం పుట్టిస్తే మనం సాధించింది ఏమిటి? ఇంట్లో ఇంగ్లీషు, బయట కన్నడం, హిందీ. ఈ పిల్లలకు తెలుగు తగిలేది ఏడాదికి ఆ ఒక్క రోజే.

అందుకని నా ప్రతిపాదన చిన్నది. పోటీలన్నీ ఎత్తేయమని అనను, ప్రైజులు ఇష్టపడే పిల్లలూ ఉంటారు. ఒక గంట మాత్రం వేరుగా పెట్టండి. వచ్చిన ప్రతి పిల్లా, పిల్లవాడూ పాడతారు. తప్పు పోతే పక్కనున్నవాళ్ళు అందిస్తారు. జడ్జీలు ఉండరు, స్టేజీ ముందు ఫోన్లు పట్టుకుని నిలబడే తల్లిదండ్రులు ఉండరు. ఆ గంట కుర్చీలు సర్దడం, మంచినీళ్ళు అందించడం నా డ్యూటీ.

కమిటీ వాళ్ళు ఆలోచించండి. ఒప్పుకోనివాళ్ళు కూడా కింద రాయండి, చదువుతాను.